గోడచేతికి లేని వాసి

"మింగానమ్మా" అంటూ తెర మీది ముసలమ్మ నోరు తెరిచి చూపించింది. దమయంతి ఆమె నాలుక కింద కూడా చూసి, సాక్ష్యం మీట నొక్కింది. తెర మారింది. మరో ఇల్లు, మరో నోరు. పొద్దున్నే వచ్చి జనం గొంతుల్లోకి తొంగిచూడటమే ఆమె కొలువు. మెడ పట్టేసింది, కళ్లు మండుతున్నాయి, పక్కన పెట్టుకున్న టీ చల్లారి మీగడ కట్టింది.

సముద్రం మింగేసిన ఊళ్లవాళ్లందరినీ తెచ్చి సర్దిన మేడ అది. ఉప్పునీళ్లు తాగీ తాగీ మూత్రపిండాలు పాడైనవాళ్లే అందులో ఎక్కువ. రోజూ ప్రతి ఇంట్లోనూ గోడచేయి బయటికొచ్చి వడపోత మాత్రను పళ్లెంలో పెడుతుంది. మింగినవాళ్లకు బాధ లేదు. వరసగా మానేసినవాళ్ల వాటాను మాత్రం మేడను నడిపే యంత్రం, పాలిక, ఇంకొకరికి రాసేస్తుంది. మాత్రలు అందరికీ చాలవు మరి.

గున్నయ్య ఇల్లు వచ్చింది. ఒకప్పుడు పడవలు కట్టిన మనిషి, ఇప్పుడు కాళ్లు వాచి మంచానికి అతుక్కుపోయాడు. మాత్ర పళ్లెంలోనే ఉంది. వెనకాల అతని భార్య సిమ్మాలు కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

"ఇయ్యాల కూడా మానేస్తే నీ వాటా పోద్ది మావా. మళ్లీ రాదు" అంది దమయంతి తెరకేసి వంగి, ఊరి వరస కలిపి.

"పోనీయే కోడలా. గోడ ఇచ్చిన మందు ఒంటికి పట్టదు. మా ఊల్లో కాంపౌండరు ఉండీవోడు. ఆడు ఇస్తే ఉత్త సుద్దముక్కైనా పనిసేసీది. హస్తవాసంటే అదీ."

"దీన్లో ఉన్నదీ మందే కదేటి?"

"మందుదేటున్నాది? ఇచ్చీవోడు మనం బతకాలనుకోవాల. ఈ గోడ అనుకుంటాదేటి?"

దమయంతికి ఒళ్లు మండిపోయింది. ప్రాణం మీదికొచ్చినా ఈ మొండితనం ఏమిటని తిట్టుకుంది. కానీ సిమ్మాలు మొహం చూసేసరికి కోపమంతా చప్పబడిపోయింది. తెర అడుగున గడువు చూపే ఎర్రగీత తరిగిపోతోంది. అది ఆరిపోతే గున్నయ్య మహా అయితే వానాకాలం దాకా ఉంటాడు.

ఆమె కుర్చీలోంచి లేచింది. "సాక్షి స్థానం ఖాళీ" అని పాలిక గొంతు మెట్లు దిగేదాకా వెంటపడింది. సాక్షి చూడాలే తప్ప మాత్రను తాకకూడదు. తాకితే కొలువు పోతుంది. ఆ సంగతి ఆమెకు తెలియనిది కాదు.

గున్నయ్య ఇంట్లోకి వెళ్లి పళ్లెంలోంచి మాత్ర తీసింది. గోడచేయి గాల్లోనే ఆగిపోయింది.

"నీ సెయ్యి మంచిదేనా కోడలా?"

కన్నతల్లికి ఇదే చేత్తో నెలల తరబడి మందు తాగించింది. తల్లి దక్కలేదు.

"మంచిదే" అని అబద్ధమాడింది దమయంతి. "నువ్వు బతకాల మావా" అని కూడా అంది. అది అబద్ధం కాదు.

గున్నయ్య ఆమె మొహంలోకి కాసేపు చూశాడు. మాత్ర నోట్లో వేసుకుని గటగటా నీళ్లు తాగాడు. సిమ్మాలు బావురుమంది.

హమ్మయ్య అనుకుంటూ దమయంతి వెనక్కి తిరిగేసరికి గుమ్మం నిండా జనం. ముందు నిలబడింది పక్కింటి కౌసల్య. ఏనాడూ మోతాదు తప్పని మనిషి ఆమె. ఇవాళ్టి మాత్ర ఇంకా గుప్పిట్లోనే ఉంది.

"నాకూ నువ్వే ఇయ్యమ్మా. ఆయనకి సేత్తో ఇచ్చి, మాకు గోడేటి?"

వెనకున్నవాళ్లూ తమ మాత్రలు చూపించారు. ఒక్కరూ మింగలేదు. దమయంతి వాళ్ల చేతులకేసి చూసింది. ఒక్కణ్ణి కాపాడబోయి ఇందరి మందు ఆపేసిందా? రేపు తను ఇక్కడ లేకపోతే వీళ్ల గతేమిటి?

"సాక్షి దమయంతీ, ఈ అంతస్తులో మోతాదులు నిలిచిపోయాయి. కారణం తెలపండి" అంది గోడలోంచి పాలిక.

ఏం చెబితే దానికి అర్థమవుతుంది?

"కారణం తెలపండి."

"ఉండెహె, పని సేసుకోనీ" అని కసిరి, మాత్ర కోసం దమయంతి కౌసల్య ముందు చెయ్యి చాపింది.