కంట్రోల్ రూములో చెరగని పేరు

ఆ కోల్డ్ స్టోరేజీలో చిట్టచివరనున్న కంట్రోల్ రూముకి చెడ్డ పేరొచ్చింది. పొద్దు గూకితే అటు మగాళ్ళెవరూ వెళ్ళరు. ఆడవాళ్ళకి అక్కడ పని లేదు కాబట్టి వాళ్ళ ధైర్యాన్ని ఎవరూ పరీక్షించలేదు.

పెద్ద గదేం కాదు. బస్తాలూ పెట్టెలూ దాచే చల్లటి గదుల వరస దాటాక, అమ్మోనియా వాసన ముక్కులో గుచ్చుకునే చోట, ఓ ఇనప తలుపు. లోపల బల్ల, కంప్యూటరు, ప్రింటరు, ఊగిసలాడే ఓ కుర్చీ. ఏ గదిలో ఎంత చలి ఉండాలో, ఏ మిషను ఎప్పుడు తిరగాలో చూసుకునే ప్రోగ్రాం ఆ కంప్యూటర్లోనే ఉంటుంది. దాన్ని రాసినావిడ ఆ కుర్చీలోనే, కీబోర్డు మీద తల వాల్చి ప్రాణం విడిచిందట. పోయినా పని మానలేదట — రాత్రిళ్ళు లోపల్నించి టకటకా టైపు చేస్తున్న చప్పుడు...

వాచ్‌మన్ విన్నాడట. వాచ్‌మన్ విన్నాడని కూలీలు విన్నారట. కూలీలు విన్నారని గుమాస్తా విన్నాడట. అందరూ విన్నవాళ్ళే. తలుపు తీసి చూసినవాడు ఒక్కడూ లేడు.

రాత్రిపూట ఆ గదిలోకి వెళ్ళే మొనగాడు ఒకే ఒక్కడు. మా మరిది.

"దెయ్యమా, నా బొందా!" అనేవాడు మీసం దువ్వుకుంటూ. ఆవిడ తర్వాత ఆ కుర్చీ వాడిదే. "మావాడి గుండె రాయి" అని మా అత్తగారు మురిసిపోయేది. గుండె సంగతి నాకు తెలీదు గానీ, వాడి తలకాయ విషయంలో ఆవిడ మాట నిజమేనని ఎప్పట్నించో నా అనుమానం.

ఆ రాత్రి జరిగింది వాడు నాకు చెప్పిందే.

పెద్దాయన తప్పుకుని కొడుకు కొత్తగా యజమాని అయ్యాడు. ఓ పెద్ద కంపెనీతో బేరం కుదిరేలా ఉంది. వాళ్ళకి ఊరూరా ఇలాంటి గిడ్డంగులున్నాయి. ఈ ప్రోగ్రామే అన్నింట్లో పెట్టుకుంటాం, దీన్ని రాసిన మనిషినే అన్నింటికీ పెద్దగా కూర్చోబెడతాం అన్నారు. "ఎవరయ్యా రాసింది?" అని కొత్త యజమాని అడిగితే మావాడు మొహమాటపడలేదు. "నేనేనండీ" అన్నాడు.

తెల్లారితే కంపెనీవాళ్ళు చూడ్డానికొస్తారు. చిక్కల్లా ఒక్కటే. ప్రోగ్రాం మొదటి వరసలోనే 'దీన్ని రాసింది' అని ఆవిడ పేరుంది. కంప్యూటరు మొదలెట్టిన ప్రతిసారీ ఆ మొదటి పేజీ ప్రింటరులోంచి బయటికొస్తుంది. అది వాళ్ళ కళ్ళబడిందా, మావాడి ఉద్యోగం, పరువు కట్టగట్టుకుని మట్టిలో కలుస్తాయి.

పేరు చెరపడం ఎంతసేపు? అంతా సద్దుమణిగాక వెళ్ళాడు.

చెరిపాడు. తన పేరు కొట్టాడు. ముందూ వెనకా డిగ్రీలు కూడా తగిలించాడు. కంప్యూటరు ఆపి మళ్ళీ మొదలెట్టాడు.

ప్రింటరు దగ్గినట్టు చప్పుడు చేసి కాగితాన్ని కక్కింది.

ఆవిడ పేరు.

సేవ్ చెయ్యడం మరిచిపోయుంటానని మళ్ళీ కొట్టాడు. ఈసారి సేవ్ చేసి, చేశానో లేదో కూడా చూసుకున్నాడు. ఆపి, మొదలెట్టాడు. కర్ర్... కర్ర్... కాగితం మెల్లిగా నాలిక చాపినట్టు బయటికొస్తోంది...

ఆవిడ పేరే.

తెర మీద వెతికాడు. ఇందాక తాను కొట్టిన పేరు, డిగ్రీలు — ఏవీ లేవు. ఎవరో తడిగుడ్డతో తుడిచేసినట్టు...

తిట్టాడు. చెరిపాడు. వచ్చింది. "పోనీ నా పేరూ వద్దు, నీ పేరూ వద్దు" అని బేరం పెట్టాడు, ఆ చోటు ఖాళీగా వదిలేశాడు. వచ్చింది!

అప్పుడు — గోడ అవతల గర్రుమంటున్న చలి మిషను టక్కున ఆగిపోయింది.

అంత నిశ్శబ్దం వాడు ఎన్నడూ వినలేదట. ఆ నిశ్శబ్దంలో... వెనక... కుర్చీ కిర్రుమంది. వాడేమో లేచి నిలబడి ఉన్నాడు.

"మేడం..." అన్నాడు గుసగుసగా. "మేడం, తప్పయిపోయింది..."

మిషను దభీమని మళ్ళీ అందుకుంది. ఇక చూస్కోండి, మన రాతిగుండె వీరుడు ఎలా తలుపు తీశాడో వాడికే తెలీదు. వాడు పరిగెత్తుకు రావడం చూసి వాచ్‌మన్ వాడికంటే ముందు పరిగెత్తాడు. దెయ్యం తరుముతుంటే ఎవరు ముందుండాలన్న తగువు వాళ్ళిద్దరి మధ్యా ఇంకా తెగలేదు.

ఇంటి తలుపు తీసింది నేనే.

"వదినా... ఆవిడొచ్చింది."

"ఎవర్రా?"

"ఆవిడే. చెరిపేకొద్దీ రాస్తోంది."

దుప్పటి కప్పి కూర్చోబెట్టాను. పళ్ళు టకటకలాడిస్తూ మొత్తం కక్కేశాడు. దెయ్యం ధ్యాసలో పడి తన దొంగతనం కూడా చెప్పేశానన్న సంగతి వాడికి తట్టనేలేదు.

"ఏరా, నీకు చెయ్యి పట్టుకుని పని నేర్పింది కదరా ఆవిడ. ఆ పేరు చెరపడానికి అదే చెయ్యి ఎలా వచ్చిందిరా?"

"ఇప్పుడదా వదినా!"

"సరే. ఆవిడ ఎప్పుడు పోయింది?"

మీసం తడుముకున్నాడు.

"గుండెపోటా? ఎవరు చూశారు? ఎవరు మోశారు?"

దుప్పటి ముక్కుదాకా లాక్కున్నాడు.

"పోలేదు వదినా..."

"ఏంటీ?"

"ఉద్యోగం మానేసి వెళ్ళిపోయింది. పెద్దాయన నన్ను ఆవిడ మీద ఆఫీసరుగా వేశాడు. ఆ పూటే సంచీ భుజాన తగిలించుకుని పోయింది. చచ్చిపోయిందని... నేనే పుట్టించాను. ఎవరూ ఆ గదిలోకి రాకూడదని."

"ఎందుకు రాకూడదు?"

"వస్తే, ఆ ప్రోగ్రాం నాకు అర్థం కాలేదని తెలిసిపోతుంది కదా!"

"మరి రాత్రిళ్ళు టైపు చప్పుడో?"

"అదీ నేనే. అర్థమవుతుందేమోనని కూర్చునేవాణ్ణి."

"ఓరి నీ తెలివి తెల్లారా! చావని మనిషి దెయ్యం ఎలా అయిందిరా?"

"అదే కదా వదినా నా భయం! ఈలోగా నిజంగానే పోయిందేమో..."

వాడి ఫోను లాక్కుని ఆవిడ నంబరు కలిపాను.

"ఇంత రాత్రా!" అన్నాడు.

"దెయ్యాలు మేలుకునుండే వేళేగా."

మోగింది... మోగింది... చాలాసేపటికి నిద్రగొంతు. ఎలా అడగాలో తెలీక సూటిగానే అడిగాను.

"అమ్మా, మీరు... బతికే ఉన్నారా?"



"పడుకునేదాకా ఉన్నానండీ. ఎవరు మాట్లాడేది?"

అన్నీ చెప్పాను. మరిదైతే మాత్రం, దాచడానికి అదేమన్నా వంశగౌరవమా? దగ్గొచ్చేదాకా నవ్వింది ఆవిడ.

"అక్కడ అస్తమానం కరెంటు పోయేదండీ. పోయినప్పుడల్లా ప్రోగ్రాం సగం చెడిపోయేది. గదులు వేడెక్కి సరుకు కుళ్ళిపోయేది. అందుకని, మొదలైన ప్రతిసారీ అది తనని తాను మొదట్నించి చివరిదాకా కొత్తగా రాసుకునేలా పెట్టాను."

"పైకి కనిపించే రాత చూసి రాసుకుంటుందా?"

"చూసి రాస్తే, చెడిపోయింది చెడినట్టే రాస్తుంది కదా. తన రాతనంతా అంకెలుగా మార్చి, మూటకట్టి కడుపులో దాచుకుంటుంది. ఆ మూట విప్పి రాసుకుంటుంది, రాసుకున్నాక ఆ కొత్తదాని కడుపులో మూట మళ్ళీ అలాగే పెడుతుంది. మీవాడు పైన గీకాడు. మూట ముట్టుకోలేదు. ఆ అంకెలెందుకో నేను చెప్పానే! తల ఊపాడు కూడా."

"వాడు దేనికైనా ఊపుతాడమ్మా."

కంపెనీవాళ్ళు ఎన్నింటికొస్తున్నారని అడిగింది. చెప్పాను. "సరే" అని పెట్టేసింది.

"ఏమంది?" అన్నాడు మరిది దుప్పట్లోంచి. జరిగింది చెప్పాను. దుప్పటి ఎగిరి అవతల పడింది.

"హమ్మయ్య! అయితే ఆ అంకెల్లో కూడా పేరు మార్చేస్తే సరిపోతుందన్నమాట!"

చూశారా? ప్రాణం కుదుటపడగానే దొంగబుద్ధి ఎలా లేచి కూర్చుందో!

"మార్చడం నీకొచ్చా?"

ఆలోచించాడు. మీసం దువ్వాడు. గొంతు తగ్గించాడు.

"వదినా... ఎలా మార్చాలో ఆవిణ్ణే ఓ మాట అడగవా?"

మర్నాడు నేనూ వెళ్ళాను. ఇంత తమాషా ఇంట్లో కూర్చుని వినడమా? ఆ ఇరుకు గదిలో కొత్త యజమాని, టైలు కట్టుకున్న కంపెనీవాళ్ళు, గుమాస్తా. పగటి ధైర్యం తెచ్చుకుని గుమ్మం దగ్గర వాచ్‌మన్. అంత చలిలో మా మరిది నుదుటి మీద చెమట.

ప్రింటరు దగ్గర అడ్డంగా నిలబడదామని చూశాడు గానీ, "పక్కకి జరగవయ్యా" అని యజమానే మీట నొక్కాడు. కర్ర్... కర్ర్... కంపెనీ పెద్దమనిషి కాగితం అందుకుని చదివాడు.

"మీరే రాశానన్నారు. ఇదేమో ఆడమనిషి పేరు, ఎవరిది?"

"అదీ... పాత... ఆవిడ పోయారండీ" అన్నాడు మరిది.

"అవునండీ, పాపం" అని యజమాని గొంతు తగ్గించాడు. "ఇక్కడే... ఈ కుర్చీలోనే..."

"ఆ పేరు నాదేనండీ" అంది వెనకనించి ఓ గొంతు. "ఏ కుర్చీలో పోయాను?"

గుమ్మంలో ఆవిడ. భుజాన సంచీ. ప్రయాణంలో రేగిన జుట్టు.

వాచ్‌మన్ గోడకి అతుక్కుపోయాడు. ఒక్కరంటే ఒక్కరు ఆవిడ మొహం చూడలేదు. యజమాని, టైలవాళ్ళు, గుమాస్తా — అందరి చూపులూ ఒక్కసారే కిందికి దిగాయి, పాదాలు వెనక్కి తిరిగున్నాయేమోనని.

ఆవిడ చావలేదని తెలిసిన మగాడు ఆ గదిలో ఒక్కడే. మా మరిది.

అందరికంటే కిందికి వంగి చూసింది వాడే.