దిగడానికి అనుమతి

అన్యాయం జరిగింది ఎవరికి? సొంతంగా ఒక చిన్న విమానం నడుపుకునే మెకానిక్కుకు. ఎలా జరిగింది? మబ్బు కమ్మిన ఒక మధ్యాహ్నం, ఇంధనం అడుగంటుతుండగా, ప్రజల పన్నులతో కట్టిన విమానాశ్రయంలో దిగనివ్వమని అతడు రేడియోలో అడిగాడు. రన్‌వే ఖాళీగా ఉంది. "ముందస్తు అనుమతి లేని ప్రైవేటు విమానాలకు ప్రవేశం లేదు" అని టవర్‌లోని గొంతు జవాబిచ్చింది. అతడు మొక్కజొన్న చేలో దిగాడు. విమానం దక్కింది గాని కుడికాలు దక్కలేదు. అంతా నిబంధన ప్రకారమే జరిగింది కనుక ఎవరినీ ఎవరూ తప్పుపట్టలేదు.

ఆ మెకానిక్కు కూతురు పెద్దదై, లైసెన్సు సంపాదించి, బాగుచేసిన అదే విమానాన్ని నడపసాగింది. టవర్‌వాళ్ళు ఆ విమానానికి 'పిచ్చుక' అని పేరు పెట్టారు. క్రమేణా ఆ పేరు ఆమెకే అంటుకుంది.

అదే టవర్‌లో ఇప్పుడొక యువ కంట్రోలర్ ఉన్నాడు. వారి పరిచయం పోట్లాటతోనే మొదలైంది.

"ముందస్తు అనుమతి లేదు. వెనక్కి వెళ్ళండి."

"రన్‌వే మీద ఎవరున్నారు సర్?"

"ఎవరూ లేరు."

"మరి నేను దిగితే ఎవరి కాలు తొక్కుతాను?"

అతడు అదే నిబంధన మళ్ళీ చదివాడు; ఆమె విమానాన్ని వెనక్కి తిప్పుకుంది. మర్నాడు ఆమె బస్సెక్కి వచ్చి గేటు దగ్గర నిలబడింది.

"నిన్న నన్ను వెళ్ళగొట్టింది మీరేనా?"

"నేను కాదండీ, నిబంధన."

"నిబంధనకి మీసాలుంటాయని నాకు తెలీదు."

ఆ పూట వారిద్దరూ టీ తాగుతూ పోట్లాడుకున్నారు. తరువాతి వారం పోట్లాడుకోవడానికే టీ తాగారు. చిన్న విమానాల హక్కు గురించి చట్టసభలో బిల్లు వచ్చినప్పుడు, ఆమె సాక్ష్యం వినడానికి అతడు సెలవు పెట్టి మరీ వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాడు. బిల్లు నెగ్గిన రోజు, చట్టసభ మెట్ల మీద, సన్నని తుంపరలో, మనసులో మాట చెప్పాడు.

ఆమె వెంటనే నవ్వలేదు. "మీ విమానాశ్రయం డైరెక్టరుగారు మీకేమవుతారు?"

"మేనమామ. అమ్మానాన్నా పోయాక నన్ను పెంచింది ఆయనే."

"అప్పట్లో టవర్‌లో మా నాన్నని కాదన్న గొంతు ఆయనదే. ఆయన మా నాన్నకి ఒక ల్యాండింగ్ బాకీ. అది తీరేదాకా ఆ ఇంటికి నేను కోడల్ని కాలేను. మీ మీద కోపంతో కాదు."

అతడికి ఆ సంగతి అంతవరకూ తెలియదు. తుంపర ఒక్కసారిగా చల్లబడినట్లనిపించింది.

చట్టం అమల్లోకి వచ్చిన రోజున ఆకాశం ఉదయం నుంచే ముఖం మాడ్చుకుని ఉంది. రేడియోలో ఆమె గొంతు వినబడగానే అతడు మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"టవర్, పిచ్చుక. పక్కన మా నాన్న ఉన్నారు. దిగడానికి అనుమతి కావాలి. మా వెనక దారి వానతో మూసుకుపోతోంది."

వెనక తలుపు తెరుచుకుంది. డైరెక్టరు వచ్చి అతడి కుర్చీ పక్కన నిలబడ్డాడు.

"వద్దని చెప్పు."

"కారణం చెప్పాలి మామయ్యా. ఇవాళ్టి నుంచి చట్టం అది. కాదంటే ఎందుకో రేడియోలోనే, అందరూ వినేలా చెప్పాలి."

"రన్‌వే ఖాళీ లేదని చెప్పు."

"కాకి కూడా లేదు."

"గాలి."

"హద్దులోనే ఉంది."

"మబ్బులో చూపు ఆనుతోందా?"

"మీరే చూడండి. అదుగో వాళ్ళ దీపం."

బూడిదరంగు మబ్బు కింద చిన్న దీపం ఒకటి మినుకుమంటోంది. డైరెక్టరు దాన్ని చూస్తూ ఉండిపోయాడు.

"ఉప్పూ కారం పెట్టి పెంచితే నాకే ఎదురు తిరుగుతావట్రా?"

"అనుమతి ఇచ్చేస్తాను మామయ్యా. తరవాత నా ఉద్యోగం తీసేసినా సరే. కానీ ఆనాడు వాళ్ళ నాన్నని కాదన్నది మీ గొంతు; ఆ మాట నా నోట వస్తే సగం బాకీయే తీరుతుంది."

"టవర్, పిచ్చుక." ఆమె మళ్ళీ పిలిచింది. "జవాబు ఇవ్వండి."

యువకుడి వేలు మీట మీద ఉంది. డైరెక్టరు ఆ వేలిని మెల్లగా తొలగించాడు. పదవి ఎంత పెరిగినా టవర్ లైసెన్సును వదులుకోని మనిషి ఆయన. మైకు తానే అందుకున్నాడు.

"పిచ్చుకా, ఇది టవర్." ఆయన కళ్ళు ఆ దీపం మీదే ఉన్నాయి. "రన్‌వే మీ కోసం ఖాళీగా ఉంది. దిగడానికి అనుమతి ఇస్తున్నాను."

రేడియో గరగరలాడింది. ఆ తరువాత పలికింది కూతురు కాదు.

"ఆ గొంతు నాకు తెలుసు" అన్నాడు మెకానిక్కు. "దిగడానికి అనుమతి. అందింది."

వాన, విమానం ఒకేసారి రన్‌వేను తాకాయి. డైరెక్టరు గొడుగు కూడా తీసుకోకుండా మెట్లు దిగాడు. వెనకే మేనల్లుడు పరుగెత్తాడు. విమానం తలుపు తెరుచుకుంది.

అమ్మాయి తడిసిన జుట్టును వెనక్కి తోసుకుని యువకుణ్ణి చూసింది. "ఆ రోజు మెట్ల మీద ఏదో అన్నారు. మళ్ళీ చెప్పండి, వింటాను."

"ఇక్కడా? మీ నాన్నగారి ముందా?"

"ఇంత దూరం వచ్చింది వినడానికే బాబూ" అన్నాడు మెకానిక్కు లోపలి నుంచి. "మా వైపు నుంచి అడ్డేమీ లేదు. ముందు నన్ను దిగనివ్వండి."

డైరెక్టరు ముందుకు వచ్చి తన భుజం వంచి ఇచ్చాడు. మెకానిక్కు ఆయన ముఖంలోకి నిదానంగా చూశాడు. ఆ భుజం మీద తన బరువంతా మోపి, ఒంటికాలితో రన్‌వే మీదికి దిగి, స్థిరంగా నిలబడ్డాడు.

"చెల్లు" అన్నాడు.