చక్కెర వేయని కప్పు

నెస్టా నిద్ర లేచేసరికి కిటికీ అవతల కొండ లేదు. మబ్బు కిందికి దిగి కొండనీ, గొర్రెలనీ, రాతిగోడనీ మింగేసి కూర్చుంది. పెళ్ళయి రెండు నెలలైనా ఈ వింత ఆమెకింకా పాతబడలేదు. పుట్టిల్లు సముద్రం ఒడ్డున. అక్కడ మబ్బు ఎక్కడో దూరాన కనిపించి, వద్దామా వద్దా అని ఆలోచించుకుని వచ్చేది. ఇక్కడ మాత్రం చెప్పాపెట్టకుండా గుమ్మంలోకే వచ్చేస్తుంది. ఇడ్వాల్ అప్పటికే గొర్రెల దగ్గరికి వెళ్ళిపోయాడు. అతని దిండు మీద తల పెట్టుకున్న గుంట అలాగే ఉంది. దానిమీద చెయ్యేసి చూసింది. ఇంకా వెచ్చగా ఉంది. ఎవరూ చూడకపోయినా సిగ్గుపడింది.

వంటింట్లో అత్తగారు మర్గెడ్ పెనం మీద ఎండుద్రాక్ష రొట్టెలు కాలుస్తోంది. ఆ ఇంట్లో పెళ్ళిళ్ళకీ, క్రిస్మస్‌కీ తప్ప బయటికి రాని నీలిపువ్వుల కప్పులు ఇవాళ బల్లమీదికి వచ్చాయి. ఇవాళ ఇథెల్ రోజు.

ఇథెల్ ఈ ఇంటి పెద్దకొడుకు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సులో ఒక అడవిలో చనిపోయాడు. ఏటా జులైలో ఈ రోజున గిన్నెల బీరువా పైనుంచి తగరపు పెట్టె దించుతారు. అందులో అతని ఫొటో, చనిపోయాక సైన్యం పంపిన కంచుబిళ్ళ, శిక్షణ శిబిరం నుంచి సిరాతో రాసిన కొన్ని ఉత్తరాలు ఉంటాయి. అన్నిటికన్నా అడుగున, పెన్సిలుతో రాసిన ఒక్క కాగితం. అది అతని వస్తువులతో పాటు ఇంటికి చేరింది. పోస్టు చేయకుండానే, పూర్తి కాకుండానే ఆగిపోయిన ఉత్తరం. దాన్ని ఇంటికి కొత్తగా వచ్చిన మనిషి చదవాలన్నది ఈ ఇంటి ఆచారం. ఈ ఏడు ఆ కొత్తమనిషి నెస్టా.

"నిదానంగా చదవాలి," అంది మర్గెడ్, రొట్టె తిరగేస్తూ. "మీ సముద్రం వాళ్ళు మాటని సాగదీస్తారు. అలా కాకుండా మా ఇంట్లో మాట్లాడినట్టు చదువు. ఆయన గొంతు వినిపించాలి మాకు."

"అలాగే అత్తయ్యా," అంది నెస్టా. నిన్నంతా అద్దం ముందు నిలబడి ఆ యాసే పలికి చూసుకుందని మాత్రం చెప్పలేదు.

సాయంత్రం నలుగురూ ముందుగదిలో బల్లచుట్టూ చేరారు. మర్గెడ్ తల్లి ఓల్వెన్‌ని ఇడ్వాల్ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆమెకి ఇథెల్ పెదనాన్న. ఆమె పుట్టేసరికే ఆయన పోయి చాలా ఏళ్ళయింది. బల్ల మధ్యలో రెండు కప్పుల్లో టీ పోశారు. వాటిని ఎవరూ తాగరు. ఒకదానిలో మర్గెడ్ చక్కెర వేసి కలిపింది. ఇథెల్‌కి తీపి ఇష్టమట. రెండోది అలాగే వదిలి, దాని పక్కన చక్కెర గిన్నె పెట్టింది. అది ఆయన తల్లి కత్రిన్‌కి అని ఇడ్వాల్ ముందే చెప్పాడు.

మొదట సిరా ఉత్తరాలు. వాటిని ఇడ్వాల్ చదివాడు. శిబిరంలో అడుగడుక్కీ ఒక జోన్స్ ఉండడంతో పై అధికారులు విసిగిపోయి అంకెలతో పిలుస్తున్నారట. 'నేను డెబ్బైనాలుగు జోన్స్‌ని. అమ్మా, పేరు మర్చిపోతానేమో, నువ్వు గుర్తుపెట్టుకో' అని రాశాడు. ఏటా నవ్వే చోటే అందరూ నవ్వారు. నెస్టాకి మాత్రం అది పాత ఉత్తరంలా అనిపించలేదు. నూరేళ్ళ కిందటి కుర్రాడు ఈ బల్లమీద ఇప్పుడే జోకు వేసి పక్కకి తప్పుకున్నట్టుంది.

తర్వాత పెన్సిలు కాగితం ఆమె చేతికిచ్చారు. మడతల దగ్గర గుడ్డలా మెత్తబడిపోయింది. చెమట అంటుకుంటుందేమోనని గౌనుకి చేతులు తుడుచుకుని పట్టుకుంది. ఊపిరి తగిలితే అక్షరాలు లేచిపోతాయేమో అన్నంత మెల్లగా చదివింది.

"అమ్మా, ఇక్కడ చెట్లు తప్ప ఏమీ కనిపించడం లేదు. పడవ బొజ్జకి తారు పూసేదాకా నాన్నని నీళ్ళలోకి దింపనివ్వకు. వల అటకమీద పెట్టొద్దు, ఎలుకలు కొరుకుతాయి. హెరింగ్ చేపలు వచ్చే వెన్నెలకి నేను..."

నెస్టా ఆగింది. ఆమె మొహం వెలిగిపోయింది.

"ఇది మా అమ్మమ్మ మాటే. ప్రతి ఏడూ మా తాతయ్యతో ఇదే గొడవ. బొజ్జకి తారు పూయందే దిగనివ్వను అనేది. ఇథెల్ తాతగారు చేపల పడవలో ఎప్పుడు పనిచేశారు?"

ఇడ్వాల్ గొంతు సవరించుకున్నాడు.

"పడవంటే పడవ కాదు నెస్టా. మన గొర్రెల కొట్టం. పైకప్పు బోర్లించిన పడవలా ఉంటుంది కదా, సరదాకి అలా రాశాడు. వలంటే గడ్డి వేలాడదీసే వల."

"మరి హెరింగ్?"

"సంతలో కొనుక్కునేవాళ్ళు," అంది మర్గెడ్.

నెస్టా కాగితం కేసి చూసింది. సిరా ఉత్తరాల్లో అక్షరాలు నిటారుగా ఉన్నాయి. ఇక్కడివి గాలికి వాలినట్టున్నాయి. అడగకూడదని తెలుస్తూనే ఉంది. అయినా నోరు ఆగలేదు.

"రాత కూడా వేరుగా ఉంది కదా అత్తయ్యా. అందరూ జోన్స్‌లే అన్నారు. వస్తువులు పంపేటప్పుడు వేరే జోన్స్‌ది ఇందులో కలిసిపోయిందేమో."

మర్గెడ్ లేచింది. నెస్టా వేళ్ళ మధ్యనుంచి కాగితాన్ని మెల్లగా, చిరగకుండా లాక్కుంది.

"నువ్వు వచ్చి రెండు నెలలు. మేం నూరేళ్ళుగా చదువుతున్నాం. మా ఇంటి మనిషెవరో నువ్వు చెప్పాలా మాకు?"

కాగితం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఒక్కపూట ఊరుకోలేకపోయావా అన్నట్టు చూశాడు ఇడ్వాల్. నెస్టాకి పొద్దున్న కనిపించని కొండ ఇప్పుడు గుండెలమీద కూర్చున్నట్టయింది. ఈ ఇంటికి అన్నిటికన్నా విలువైనది తన చేతిలో పెట్టారు. తను దాన్ని పగలగొట్టింది.

వంటింట్లో మర్గెడ్ చల్లారిన పెనాన్ని తోముతోంది. అప్పటికే తోమిన పెనం అది.

"నేను పొరబడి ఉంటాను అత్తయ్యా."

"పొరబడలేదు. అదే బాధ," అంది మర్గెడ్ వెనక్కి తిరక్కుండా. "గొర్రెల కొట్టానికి బొజ్జేమిటని చిన్నప్పుడు నేనూ అడిగాను. మా నాన్న నోరుమూసుకోమన్నాడు. తర్వాత నా పిల్లలు అడిగితే నేనూ అదే చేశాను." నడుముకి కట్టుకున్న వంటగుడ్డతో కళ్ళు అద్దుకుంది. "ఇది ఆయనది కాకపోతే చివరిమాటంటూ మాకేం మిగిలినట్టు? అంకెల గురించి వేసిన జోకా?"

నెస్టా అత్తగారి తడి మోచెయ్యి పట్టుకుంది. ఆమె విదిలించుకోలేదు.

అంతలో ముందుగదిలోంచి ఓల్వెన్ గొంతు గట్టిగా వినిపించింది. "ఆ చక్కెర గిన్నె ఎవడు తీశాడు?"

వెళ్ళి చూస్తే ఇడ్వాల్ దొంగలా నిలబడి ఉన్నాడు. ఏం చేయాలో తోచక తన టీలో చక్కెర వేసుకున్నాడట.

"పెట్టు దాన్ని అక్కడ. ఆ కప్పు పక్కనుంచి గిన్నె తీయకూడదు. మా నాయనమ్మ చంపేసేది."

"కత్రిన్ ముత్తవ్వ చక్కెర వేసుకునేది కాదుగా అమ్మమ్మా," అన్నాడు ఇడ్వాల్. "ఇంక గిన్నెతో ఏం పని?"

ఓల్వెన్ మనవడికేసి వింతగా చూసింది. "ఎవరు చెప్పార్రా నీకు? చెంచా నిలబడేంత వేసుకునేది. కరువు రోజుల్లో మా వంతు కూడా తనే తినేసేది ముసల్ది."



"మరి ఆ కప్పు ఎవరిదమ్మా?" అంది మర్గెడ్.

ఓల్వెన్ నోరు తెరిచి, మళ్ళీ మూసింది. తనకి తెలుసనుకున్నది తెలియదని ఆ ముసలి మొహంలో మెల్లగా కనిపించింది. కళ్ళు మూసుకుని, చాలా దూరం నుంచి ఒక్కొక్క మాటే మోసుకొస్తున్నట్టు చెప్పింది.

"నాయనమ్మ ఉన్నప్పుడు కూడా రెండే పెట్టేది. తన కప్పు తన చేతిలో ఉండేది. ఆ రెండోదాంట్లో ఎందుకు కలపవని అడిగాను. 'ఎంత వేయాలో నాకు తెలీదు. వాళ్ళమ్మకి తెలుస్తుంది' అంది. నాకు అర్థం కాలేదు." ఓల్వెన్ కళ్ళు తెరిచింది. "ఏటా వేసవిలో నన్ను సముద్రానికి తీసుకెళ్ళేది. నన్ను ఇసుకలో వదిలేసి పడవల దగ్గరికి పోయి ఆడవాళ్ళతో మాట్లాడుతూ కూర్చునేది. చేపలు బేరమాడుతోందనుకునేదాన్ని. ఒక్కసారి కూడా చేప తెచ్చిన పాపాన పోలేదు. మరుసటి ఏడు వేరే ఊరు."

నెస్టా కుర్చీ అంచున కూర్చుంది. కొడుకు చివరి ఉత్తరమని వచ్చినదాన్ని విప్పి, రాత చూడగానే అది తన కొడుకుది కాదని తెలుసుకున్న తల్లి కత్రిన్. ఇంట్లోవాళ్ళు దాన్నే గుండెకి హత్తుకుని బతుకుతుంటే నోరు విప్పని మనిషి. ఎవరి కొడుకో తెలియక, అతన్ని తన కొడుకు పక్కనే కూర్చోబెట్టి, ఏటా టీ పోసి, అతని తల్లికోసం ఊరూరా తిరిగిన మనిషి. ఆమె చేతులు పట్టుకున్న కప్పులే ఇవి. బల్ల కూడా ఇదే.

మర్గెడ్ జేబులోంచి కాగితం తీసి, నెస్టా ముందు పెట్టి, మడతలు అరచేత్తో సవరించింది.

"మొదట్నుంచి చదువు. మా యాస వద్దు. మీ ఊళ్ళో మాట్లాడినట్టు చదువు."

నెస్టా చదివింది. పుట్టింటి గొంతుతో, మాటని అలలా సాగదీస్తూ. పడవ పడవలాగే నీళ్ళలోకి దిగింది. వల తడిసింది. గొర్రెల కొట్టంలో నూరేళ్ళుగా ఇరుక్కుపోయిన కుర్రాడు తన ఒడ్డుకి వచ్చి నిలబడ్డాడు.

"...హెరింగ్ చేపలు వచ్చే వెన్నెలకి నేను ఇంట్లోనే ఉంటానని నాన్నతో చెప్పు. అమ్మా, ఇక్కడ నా పక్కన ఒకడున్నాడు. కొండల్లోవాడు. సముద్రం ఎప్పుడూ చూడలేదట. వాణ్ణి కూడా తీసుకొ..."

అక్కడితో ఆగిపోయింది ఉత్తరం.

ఈ చివరి వాక్యాన్ని ఇన్నేళ్ళూ ఇంట్లో అందరూ విన్నారు. ఆ కొండలవాడు ఎవరో స్నేహితుడనుకున్నారు. మర్గెడ్ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఇథెల్ ఉత్తరం రాయలేదు. ఉత్తరంలో ఉన్నాడు.

అతనేనని గట్టిగా చెప్పడానికి ఎవరూ లేరు. కాదనడానికీ ఆ గదిలో ఎవరికీ మనసు రాలేదు.

బయట మబ్బు విడి, కిటికీలోకి కొండ తిరిగొచ్చింది. వచ్చే ఆదివారం నెస్టా వాళ్ళ ఊరు వెళ్దామనీ, ప్రార్థనామందిరం గోడమీద యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు చూద్దామనీ అన్నాడు ఇడ్వాల్. అక్కడ మాత్రం జోన్స్‌లకి కొదవా అంది ఓల్వెన్. ఏడుస్తూనే నవ్వారు అందరూ.

మర్గెడ్ చక్కెర గిన్నె దగ్గరికి లాక్కుంది.

"మీ పడవలవాళ్ళు టీలో ఎంత వేసుకుంటారే?"

"ఉప్పుగాలికి నోరు చేదెక్కుతుందని బాగానే వేసుకుంటారు అత్తయ్యా."

మర్గెడ్ చెంచా కోడలి చేతికిచ్చింది.

"అయితే నువ్వే కలుపు."