తీర్పు: రెండూ సమానమే

"ఆ నల్ల డబ్బా కార్డు కొనేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుందండీ" అన్నాడు స్పెక్స్.

"నేను కొందామంటున్నది అదే" అంది యానిమేటర్ అమ్మాయి.

ఇదీ వాళ్ళ తొలి పరిచయం. ఆమె ఆ స్టూడియోలో చేరి గంట కూడా కాలేదు.

స్టూడియో అనగానే గొప్పగా ఊహించుకోకండి. రెండు గదులు, ఒక బాల్కనీ. అక్కడ టూత్‌పేస్టులు డాన్స్ చేస్తాయి, సబ్బులు పాటలు పాడతాయి. ప్రకటనల కోసం వాటికి ప్రాణం పొయ్యడం ఆ అమ్మాయి పని. కంప్యూటర్లు చూసుకోవడం స్పెక్స్ పని. కళ్ళజోడు వల్ల వచ్చిన పేరు కాదది. ఏ వస్తువు పేరెత్తినా దాని స్పెసిఫికేషన్లన్నీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్తాడని వచ్చింది. కళ్ళజోడు తర్వాత వచ్చింది. యజమాని అతనికి స్వయానా మేనమామ. "మావయ్యా" అని పిలిచి, చీవాట్లు తిని, "సార్" అని దిద్దుకోవడం అక్కడ రోజూ జరిగే తంతే.

కంప్యూటర్‌లో బొమ్మల్ని కదిలించే పాత గ్రాఫిక్స్ కార్డు మీద సబ్బు ఒక్క అడుగు వేసేలోపు మనిషి వెళ్ళి టీ తాగి రావచ్చు. కాబట్టి కొత్తది కొనాలి. ఏది కొనాలన్న దగ్గరే పేచీ. స్పెక్స్ ఎర్ర డబ్బా పక్షం, ఆమె నల్ల డబ్బా పక్షం. నెలంతా భోజనాల వేళ ఇదే గోల.

"ఎర్రదాని క్లాక్ స్పీడ్ చూశారా అసలు?"

"చూశా. మెమరీ కూడా చూశా. మీదాంట్లో పన్నెండు జీబీ, నాదాంట్లో పదహారు. నా సబ్బు నురగకే మీ పన్నెండూ చాలవు."

"మెమరీ ఉంటే సరిపోతుందా? మా మావయ్యకీ మెమరీ ఎక్కువే. నా చిన్నప్పటి తప్పులన్నీ గుర్తే. దానివల్ల పనేమైనా జరుగుతోందా?"

"వినపడిందిరా!" అని లోపలి గదిలోంచి కేక.

"సారీ సార్!"

ఆమె పకపకా నవ్వింది. స్పెక్స్ తర్వాత చెప్పాల్సిన క్లాక్ స్పీడ్ అంకె కాస్తా మర్చిపోయాడు. అంకెలు మర్చిపోయేంత జబ్బు అతనికి అంతకుముందెప్పుడూ చెయ్యలేదు.

చివరికి మావయ్యే విసిగిపోయాడు. "డీలర్‌ని అడిగి రెండూ తెప్పిస్తా. ఇద్దరూ కూర్చుని పరీక్ష పెట్టండి. గెలిచినదాన్ని కొంటా. నన్ను మాత్రం ప్రశాంతంగా అన్నం తిననివ్వండి."

"త్వరగా తేల్చండి సార్" అంది ఆమె. "వేరే స్టూడియోవాళ్ళు రమ్మంటున్నారు. మిషన్ మారితే ఉంటా, లేకపోతే వెళ్తా. సబ్బు కదిలేదాకా ఎదురుచూసి నేను ముసలిదాన్నైపోలేను కదా."

స్పెక్స్ తనలో తనే లెక్క వేసుకున్నాడు. ఆమె వెళ్ళకూడదు. అది ఖాయం. కానీ ఎర్ర డబ్బా ఓడిపోకూడదు. అదీ ఖాయమే. మగవాడి ప్రేమ మొదట్లో ఇలాగే ఉంటుంది.

పరీక్ష మొదలైంది. ఒకే టేబుల్, పక్కపక్కన రెండు కుర్చీలు. వానలో గుర్రం పరిగెత్తే ఆట ఒకటి పెట్టారు. సెకనుకి ఎన్ని ఎక్కువ ఫ్రేములు, అంటే బొమ్మలు, వస్తే కార్డు అంత గొప్పదన్నమాట. ఆటలో వాన, కిటికీ బయట వాన. ఆమె జుట్టు మీద బాల్కనీలోంచి తెచ్చుకున్న చినుకులు. స్పెక్స్ గుర్రాన్ని చూస్తున్నాడు.

ఎర్ర కార్డు: పధ్నాలుగు ఫ్రేములు.

నల్ల కార్డు: పధ్నాలుగు ఫ్రేములు.

"ఆట బాగాలేదు" అన్నాడు స్పెక్స్. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆట మార్చాడు, కార్డుని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్లు మార్చాడు, కార్డులు తీసి పెట్టాడు, పెట్టి తీశాడు. నాలుగైదు రోజులు గడిచాయి. ఏ ఆట పెట్టినా రెండు కార్డులకీ ఒకటే మార్కులు. ఆమె పక్కనే కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, అతన్నే చూస్తూ ఉండేది. అప్పుడప్పుడూ ఊరికే నవ్వేది.

స్పెక్స్ రిపోర్టు రాశాడు. రంగురంగుల గ్రాఫులు, గంభీరమైన వాక్యాలు, చివర లావుపాటి అక్షరాల్లో "తీర్పు: రెండూ సమానమే". స్టూడియోలో అందరికీ పంపాడు.

మావయ్య చదివి, "పాత కార్డుకెంత వచ్చింది?" అనడిగాడు.

"అదీ పధ్నాలుగే సార్."

"మరింక కొత్తది దేనికిరా? రెండు డబ్బాలూ వాపసు పంపెయ్."

ఆమె నవ్వు ఆగిపోయింది. లేచి బాల్కనీలోకి వెళ్ళి, "సోమవారం వచ్చి కలుస్తానండీ" అని ఎవరికో ఫోన్‌లో చెప్పడం స్పెక్స్ చెవిన పడింది.

దిగాలుగా వెళ్ళి కార్డు ఊడదీయబోయాడు. మిషన్ వెనక్కి చెయ్యి పెడితే ఏదో మెత్తగా తగిలింది. వంగి చూశాడు. కార్డుకి కేబుల్ గుచ్చే చోట, కంపెనీవాళ్ళు దుమ్ము పడకుండా పెట్టిన రబ్బరు మూతలు ఇంకా అలాగే ఉన్నాయి. కార్డు మార్చినప్పుడల్లా కేబుల్ పీకడం ఎందుకని, మొదటి రోజే తెలివిగా మానిటర్ కేబుల్‌ని మదర్‌బోర్డుకి గుచ్చేశాడు. బొమ్మ అక్కణ్ణించే, మదర్‌బోర్డు సొంత చిన్న చిప్పులోంచే వస్తోంది. ఇన్ని రోజులూ కార్డులు లోపల ఫ్యాన్లు తిప్పుకుంటూ అత్తారింట్లో కొత్తల్లుళ్ళలా ఖాళీగా కూర్చున్నాయి.

ఎవరూ చూడలేదు. నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది, ఆమె వెళ్ళిపోతుంది. చెప్తే ఈ జన్మకి ఎవరూ అతన్ని సలహా అడగరు. ప్రతిదాన్నీ పోల్చి చూసే మనిషి ఈసారి పట్టిక గియ్యలేదు. తిన్నగా హాలు మధ్యకొచ్చి నిలబడ్డాడు.

"అందరూ వినండి. నా రిపోర్టు తప్పు. నేను మూడు కార్డుల్ని పరీక్షించలేదు. ఒక్క మదర్‌బోర్డునే మూడుసార్లు పరీక్షించా."

హాలు హాలంతా ఘొల్లుమంది. మావయ్య మాత్రం నవ్వలేదు. వెంటనే ఫోన్ తీశాడు.

"అక్కా, మీవాడు నలుగురిలో తప్పు ఒప్పుకున్నాడు! లేదు, జ్వరమేం లేదు. అమ్మాయి వ్యవహారం. పిల్ల బంగారం, వీడికంటే తెలివైంది. నువ్వేం అడ్డు చెప్పకు." ఫోన్ పెట్టేసి, "మళ్ళీ పరీక్ష చెయ్యండిరా" అని లోపలికెళ్ళిపోయాడు.

స్పెక్స్ చెవులు ఎర్ర డబ్బాకంటే ఎర్రగా అయ్యాయి. ఆమె దగ్గరికెళ్ళాడు.

"వెళ్ళకండి. కార్డు సంగతి వదిలెయ్యండి. మీరంటే నాకిష్టం. నల్లదే కొనమని చెప్తాను, కావాలంటే."

"పరీక్ష చెయ్యకుండానే? ఛీ." ఆమె నవ్వు మళ్ళీ వచ్చింది. "ఆ మూతలు నేను మొదటి రోజే చూశా."

"చూశారా! మరి చెప్పలేదేం?"

"చెప్తే పరీక్ష అయిపోయేదిగా! రిపోర్టు రాసేలోపు నువ్వే చూస్తావనుకున్నా. పక్కనున్న మనిషినే చూడనివాడివి, వెనకున్న మూతలేం చూస్తావు?"

"నువ్వు" అన్న మాట దగ్గరే ఆగిపోయిన స్పెక్స్‌కి మిగతా తిట్లు వినపడలేదు. ఆమె ఫోన్ తీసి, "సోమవారం రానండీ. ఇక్కడ పని మిగిలిపోయింది" అని చెప్పి పెట్టేసింది.

స్పెక్స్ గబగబా మూతలు పీకేశాడు. "ఏ కార్డు ముందు పెడదాం?"

"ఏదో ఒకటి" అంది, కుర్చీ దగ్గరికి జరుపుకుంటూ. "మెల్లిగా చెయ్యి. తొందరేముంది?"