ఏడో మలుపు దగ్గర ఆగే నూనె

"మూడో నంబరు, నూట పదహారు. చల్లార్పు చుట్టు వేసి రా," అని ఓబులేసు ట్రాక్ పక్క మేడగదిలోంచి మైకులో చెప్పాడు.

మూడో నంబరు బండి గేరు పైకి మార్చి వేగం తగ్గించుకుంది. నూనె వేడి నూట పదమూడుకు దిగేదాకా ఓబులేసు తెర మీది అంకె నుంచి కన్ను తీయలేదు. ఇంజన్‌లో నీళ్లు తొందరగా వేడెక్కి తొందరగా చల్లారతాయి. నూనె రెండింటికీ ఆలస్యం చేస్తుంది. ఆ ఆలస్యాన్ని లెక్కగట్టి బండిని ముందే పిలవడం తాపరి పని. ఓబులేసు ఈ ట్రాక్‌కు తాపరి.

ఏడో మలుపు ముందు మూడో నంబరు ఆగిపోయింది. ఇంజన్ నడుస్తూనే ఉంది. కాసేపటికి బండి దానంతటదే కదిలి మలుపు తిరిగింది.

నడిపినది విరూపాక్షి, తాడిపత్రిలో బండల వ్యాపారి. బండి దిగకుండానే రేడియోలో చెప్పాడు. "పెడలు అడుక్కంటా తొక్కినా సామీ, కదల్లే. ఎవురికో దారిచ్చినట్ల నిలబడిపాయ. హారన్ కొడదామంటే భయమేసింది."

రోడ్ల మీద బండ్లు వాటంతటవే పోయే కాలం అది. మనిషి చేత్తో నడపాలంటే ఆదివారం ఈ ట్రాక్ మీదికి రావాల్సిందే. ఇక్కడైనా ఇంజన్‌లో ఎరుక నూనె ఉండాలి. ఎనభై డిగ్రీలు దాటితే ఆ నూనెకు మెలకువ వస్తుంది. తనతో బండి నడిపిన చేతుల అలవాటు అందులో ఉంటుంది. డ్రైవర్ తప్పితే అది సర్దుతుంది. నూట ఇరవై ఐదు దాటితే మాత్రం కాపు ఇంజన్‌ను ఆపేస్తుంది. కాపు మనిషి కాదు, బండ్లను కాచే యంత్రం; చూడ్డానికి తెర కింద నడిచే ఒక పచ్చ గీత.

కొత్త నూనెకు ఏమీ తెలియదు. అందుకని నూనె మార్చినప్పుడల్లా, పాలలో తోడు వేసినట్టు, పాతది ఒక గ్లాసు కలుపుతారు. తోడు తీసే ముందు బండి చల్లార్పు చుట్టు వేసి ఉండాలి. వేడి మీద ఆగిన నూనె కుదురుకోదని ట్రాక్ మీద అందరికీ తెలుసు. మహబూబ్ పీరా విషయంలో ఆ పద్ధతి తప్పారు. అతన్ని మించి నడిపినవాడు అక్కడ లేడు. ఏడో మలుపు మధ్యలో ఉండగా అతని నూనె నూట ఇరవై ఆరుకు చేరింది. కాపు ఇంజన్ ఆపింది. బండి బరువు ముందుకు పడి, వెనకభాగం తిరిగి, గోడకు కొట్టుకుంది. పీరా బతకలేదు. ఆ నూనెను పారబోయడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఎవరి బండికి వారు ఒక గ్లాసు పట్టుకుపోయారు.

ఇప్పుడు అన్ని బండ్లూ ఏడో మలుపు ముందు జంకుతున్నాయి. మొదట రెప్పపాటు. తర్వాత ఒక ఊపిరంత. ఇవాళ ఆగడమే. కాపు దాన్ని జాగ్రత్త కింద లెక్కవేసింది. పీరా పోయాక ట్రాక్ మీద ఒక్క ప్రమాదం లేదు కాబట్టి, ఈ తోడును రోడ్డు బండ్లకూ కలపాలని నిర్ణయించింది. ఆ తోడు కలిపిన నూనె డ్రమ్ములు రేకుల షెడ్డులో సిద్ధంగా ఉన్నాయి. సాయంత్రానికి లారీ వస్తుంది.

ఓబులేసు బండ్లన్నింటినీ లోపలికి పిలిచాడు. అవి షెడ్డు ముందు వరసగా నిలబడ్డాక, షాహీన్ హెల్మెట్ చేత పట్టుకుని పైకి వచ్చింది. ఆమె పీరా చెల్లెలు. అన్న బండిని బాగుచేయించి తానే నడుపుతోంది. తోడు తీయగా మిగిలిన అసలు నూనె ఆ బండిలోనే ఉంది.

"ఓబులేసన్నా, ఆ డ్రమ్ములు పోతే మాయన్న ఊరూరా ఆగతానే ఉంటాడు," అంది.

"అది మీయన్న కాదు పాపా. నూనె."

"నూనే అనుకో. మలుపు మధ్యలో ఇంజన్ ఆగిపోయేది ఒకటే దానికి తెల్సు. దాటేది తెల్దు. అంతే వేడి మీద ఒకసారి దాటించి, చల్లార్పు చుట్టు ఏసుకొని వస్తా. నువ్వు నన్ను పిలవాకు."

"నేను పిలవకున్నా కాపు ఆపుతాది."

షాహీన్ బల్ల కింది ఎర్ర మీట వైపు చూసింది. దాన్ని నొక్కి పట్టుకున్నంతసేపు కాపు ఇంజన్ జోలికి రాదు. నిలిపి ఉంచిన బండిని పరీక్షించడానికే తప్ప దాన్ని వాడకూడదు.

"గోడ ఆడనే ఉండాది పాపా," అన్నాడు ఓబులేసు.

"దినామూ చూస్తానే ఉండా."

ఓబులేసు తెర వైపు తిరిగాడు. ఆమె దిగి వెళ్లింది.

నూనె ఎనభైకి వచ్చేదాకా ఆమె నిదానంగా తిప్పింది. తర్వాత గేరు కిందికి దించి, ఇంజన్‌ను పై స్థాయిలో పట్టుకుంది. ఓబులేసు తన బల్ల దగ్గర్నుంచే ఆ బండి కూలర్ రెక్కలు మూశాడు. నూట పద్దెనిమిది. నూట ఇరవై రెండు. ఆరో మలుపు దాటేసరికి నూట ఇరవై నాలుగు. పచ్చ గీత ఎరుపుకు తిరిగింది.

మీట నొక్కకపోతే కాపు అన్నను ఆపినచోటే చెల్లెల్నీ ఆపుతుంది. నొక్కి పట్టుకుంటే, ఆమె గోడకు తగిలిన పక్షంలో ఆ చెయ్యి తనది. ఓబులేసు మీట నొక్కాడు.

కింద షెడ్డు ముందు వరసలో ఉన్న పన్నెండు బండ్ల ముందు చక్రాలు ఇసుకను నలుపుకుంటూ ఒక్కసారిగా ఎడమకు తిరిగాయి. ఒక్కదానిలోనూ మనిషి లేడు. డ్రమ్ముకు ఆనుకుని నిలబడిన విరూపాక్షి కాలినట్టు ఎగిరి పక్కకు జరిగాడు. తెర మీద అన్ని గళ్లలోనూ ఒకే అంకె: నూట ఇరవై ఆరు. దాని కింద కాపు రాసింది: నడుస్తున్న బండ్లు పదమూడు.

ట్రాక్ మీద ఉన్నది ఒక్కటే. దాని ఇంజన్ మోత ఎక్కడా తగ్గలేదు. బండి గోడ పక్కనుంచి వెళ్లి, మలుపు దాటి, నేరుగా ఉన్న దారిలోకి వచ్చింది.

ఓబులేసు కూలర్ రెక్కలు తెరిచి మైకు అందుకున్నాడు. షాహీన్‌ను పిలవాలనే నోరు తెరిచాడు.

"పీరా, చాలు. చల్లార్పు చుట్టు ఏసి రా."

పదమూడు అంకెలూ కలిసి దిగడం మొదలుపెట్టాయి. నూట పదమూడు దగ్గర అన్నీ ఒకేసారి ఆరిపోయాయి. తెర మీద బండ్ల నంబర్ల పక్కనా, డ్రమ్ముల పక్కనా ఒకే మాట వచ్చింది: ఎరుక లేదు.

షాహీన్ బండి ఆపి హెల్మెట్ తీసి, స్టీరింగ్ మీద తల ఆనించింది. మీట ఎందుకు నొక్కావని కాపు తెర మీద అడిగింది. ఓబులేసు జవాబు రాయాల్సిన గడిని ఖాళీగా వదిలేశాడు.

కొంతసేపటికి మూడో నంబరు నుంచి విరూపాక్షి అడిగాడు. "నేను పోదునా సామీ?"

"పో," అన్నాడు ఓబులేసు. "ఏడో మలుపు కాడ ఇంక నిన్ను ఆపేవాడు లేడు. నువ్వే చూసుకోవాల."

మూడో నంబరు ఇంజన్ స్టార్ట్ అయింది. విరూపాక్షి కాలు పెడలు మీదికి రాక, బండి మాత్రం చాలాసేపు కదల్లేదు.