ఏడో టేబుల్ గడియారం

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి మూటల చాటున ఇద్దరు చేతులు కలుపుకుని నిలబడ్డారు. చేతుల మీద ఎర్ర తువ్వాలు కప్పి ఉంది. చూసేవాళ్ళకు ఎద్దుల బేరమే. తువ్వాలు కింద వేళ్ళు నొక్కి ధర చెప్పుకోవడం సంతల్లో మామూలు. కానీ ఈ వేళ్ళు చెప్పేది ధర కాదు. రెండు వేళ్ళు నొక్కితే ‘మనిషి దొరికాడు’. అయిదూ నొక్కితే ‘ముగించు’.

“గుర్తుండాదా?” అన్నాడు లక్ష్మన్న. పైకి దళారి, లోపల గూఢచారి శాఖ ఆఫీసర్.

“ఉండాది సార్,” అన్నాడు తిరుపాల్. పైకి జిన్నింగ్ మిల్లు గుమాస్తా, లోపల ఏజెంట్. మారువేషం ఎంత బాగా కుదిరిందంటే మిల్లువాళ్ళు ఈమధ్యే ప్రమోషన్ కూడా ఇచ్చారు.

“విను. బ్లాక్ గ్యాంగ్. విదేశీ ముఠా. సరిహద్దు అవతల పనిచేసే మనోళ్ళు పదకొండు మంది పేర్లు వాళ్ళకు చిక్కినాయి. ఆదివారం ఎమ్మిగనూరు చెస్ టోర్నమెంటు. ఏడో టేబుల్ గడియారంలో ట్రాన్స్‌మిటర్ పెడతాండారు. తెల్లపావులు ఆడేవాని టైము సున్నా అయితే లిస్టు బయటికి పోతాది. ఎవురూ బటన్ నొక్కే పనిలేదు, ఎవురూ దొరకరు.”

“గడియారం ముందే ఎత్తుకొచ్చేస్తే?”

“ముఠా మనిషి ఒకడు హాల్లోనే ఉంటాడు. వాని ఫోన్లో ఇంకో కాపీ ఉండాది. అనుమానమొస్తే ఆడికాడే పంపేస్తాడు. వాడెవడో తేలేదాకా గడియారం నడవాల.”

తిరుపాల్ ఛాతీ ఉబ్బింది. “నా ఆట చూసే నన్ను ఎంచుకున్నారా సార్?”

“మేము కాదప్పా, వాళ్ళే ఎంచుకున్నారు. మూడేండ్లలో ముప్పై ఒక్క ఆటలు టైము అయిపోయి ఓడిపోయినోడు జిల్లాలో నువ్వొక్కడే. తెల్లపావులకు నిన్నే ఏయించినారు.”

ఉబ్బిన ఛాతీ ఉబ్బినట్టే దిగింది.

దేవరగట్టు దగ్గర పల్లెలో మేకలు కాస్తూ, తాత ఈరప్ప దగ్గర నేర్చిన ఆట అది. నేల మీద గళ్ళు, గులకరాళ్ళ బంట్లు. ఊరి రూలు ప్రకారం రాజు ఒక్కసారి గుర్రంలా దూకచ్చు. ఆ దూకుడు చూసి తాతా మనవడూ పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. ఆదోనికి వచ్చాక తెలిసింది, టోర్నమెంటులో అలా దూకిస్తే తప్పు అని. మొదటి తప్పుకు ఎదుటివాళ్ళకు రెండు నిమిషాలు అదనం. రెండో తప్పుకు ఆట పోయినట్టే.

ఆ అలవాటు మాన్పించడానికి కోచ్ అబ్రహాం మూడేళ్ళు తంటాలు పడ్డాడు. “ఎత్తు ఏసే ముందు చేతుల మీద కూర్చో నాయనా. అవి నీ మాట వినవు.” తిరుపాల్ కూర్చున్నాడు. ఫోన్లో నాలుగు వేల పజిల్స్ చేశాడు. పజిల్లో మంత్రిని బలిచ్చి గెలిచేవాడు. బోర్డు ముందు మంత్రిని ఊరికే ఇచ్చి ఓడేవాడు. ఒక్క గెలుపు, ఒకే ఒక్క గెలుపు కావాలని మొక్కని దేవుడు లేడు. ఆటలో నవ్వు పోయి ఎన్నాళ్ళయిందో అతనికే గుర్తులేదు.

ఆదివారం. ఎమ్మిగనూరు నేతగాళ్ళ సంఘం హాలు. ఏడో టేబుల్ దగ్గర తిరుపాల్‌కు ఎదురుగా నల్లకళ్ళద్దాలు, నెమలిరంగు పట్టుచీర, మల్లెల వాసన. నందిని. ముఠా ఆమెను తమ మనిషి అనుకుంటోంది. ఆమె మన మనిషి.

“ఆదోనిలో వాన పడిందా?” అంది. కోడ్.

“దుప్పటి తడిసేంత.”

“సరే. ఆడన్నా.”

అన్నా అనేసరికి తిరుపాల్‌కు సగం ఉత్సాహం చచ్చింది.

ఆట మొదలైంది. చెరి ఇరవై అయిదు నిమిషాలు. తిరుపాల్‌కు పన్నెండు మిగిలాయి. నందిని గుర్రం అతని రాజు మీదికొచ్చింది. తిరుపాల్ కంగారుపడ్డాడు, చేతుల మీద కూర్చోవడం మరిచాడు. చెయ్యి దానంతట అదే వెళ్ళి రాజును ఎత్తి గుర్రంలా దూకించి, గడియారం నొక్కేసింది.

ఆర్బిటర్ సుభద్రమ్మ వచ్చి గడియారం ఆపింది. “ఏమయ్యా, నీ రాజేమన్నా దేవరగట్టు కర్రల జాతరకు పోతాండాడా, అట్ల ఎగిరినాడు? మొదటి తప్పు. ఆమెకు రెండు నిమిషాలు.”

హాలంతా బోర్డు వైపు చూసి నవ్వింది. ఒక్కడు తప్ప. మూడో వరసలో చెక్స్ చొక్కావాడు గడియారం వైపే చూస్తూ ఫోన్ తీశాడు. గడియారం మళ్ళీ నడవగానే ఒళ్ళో పెట్టుకున్నాడు. మజ్జిగ పంచే వేషంలో తిరుగుతున్న లక్ష్మన్న అది చూశాడు.

తిరుపాల్ ఏమీ చూడలేదు. సిగ్గుతో తల వంచి ఆడాడు. ఆడుతూ ఉంటే వింత జరిగింది. అతని ఏనుగు ఖాళీ దారిలోకి వచ్చింది. నల్లరాజు మూలకు నక్కాడు. మూడు ఎత్తులు. మూడే ఎత్తుల్లో మేట్. రెండుసార్లు సరిచూసుకున్నాడు. నిజమే. ఆ సరిచూసుకోవడంలోనే టైము అరనిమిషానికి వచ్చింది.

“మజ్జిగ తాగప్పా.” గ్లాసు కింద, తువ్వాలు చాటున, రెండు వేళ్ళు. వెంటనే అయిదూ.

లక్ష్మన్న మూడో వరస వైపు నడిచాడు. పద్దెనిమిది సెకండ్లు.

మూడు ఎత్తులు వేయాలి. ఇంకొకడైతే వేసేవాడే. ఒక్క ఎత్తుకు ఆరు నిమిషాలు ఆలోచించే చెయ్యి ఇది. మధ్యలో తడబడితే పదకొండు మంది పోతారు. గెలిచే ఆటను చేతులెత్తి వదిలేస్తే ముఠా మనిషికి అనుమానమొస్తుంది, ఫోన్ నొక్కేస్తాడు. తొమ్మిది సెకండ్లు. జీవితంలో తిరుపాల్‌కు ఎప్పుడూ గురితప్పని ఎత్తు ఒకటే ఉంది.

ఏనుగు వైపు ఒక్కసారి చూసుకున్నాడు, బస్సు కదిలాక సొంతూరు వైపు చూసినట్టు. రాజును ఎత్తాడు. గుర్రంలా దూకించాడు. గడియారం నొక్కాడు.

ఒక్క సెకండు దగ్గర ఆగింది.

“మళ్ళానా,” అంది సుభద్రమ్మ. “రెండో తప్పు. ఆట పాయె.”

హాలు విరగబడి నవ్వింది. ఈసారి చెక్స్ చొక్కావాడు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆ నవ్వు నుంచి తేరుకుని ఫోన్ అందుకునేలోపే అతని రెండు చేతుల మీద ఎర్ర తువ్వాలు పడింది. దాని కింద లక్ష్మన్న చేతులు బిగిశాయి.

“బేరం కుదిరిందప్పా,” అన్నాడు లక్ష్మన్న. “కదలొద్దు.”

గోడకున్న కాగితం మీద తిరుపాల్ పేరు పక్కన సున్నా రాశారు. అతను దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. నందిని కళ్ళద్దాలు తీసి పక్కకొచ్చింది.

“నువ్వు కావాలనే వదిలినావు కదా నాకు ఆట?” అన్నాడు.

“లేదన్నా. నిజంగానే ఆడినా. నీ ఏనుగు ఆడికొచ్చినంక నాకు దావే లేకపోయె.”

తిరుపాల్‌కు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. రాజు రెండుసార్లూ ఎగిరిన తీరు గుర్తొచ్చింది. తాత ఉంటే పొట్ట పట్టుకునేవాడు. ఎన్నాళ్ళకో, చెస్ బోర్డుల మధ్య, అతను పకపకా నవ్వాడు.

సాయంత్రం ఆదోని బస్సులో లక్ష్మన్న రిపోర్టు రాస్తూ తలెత్తాడు. “మొదటిసారి రాజును దుంకించినావే, దాంతోనే వాడు దొరికినాడు. అది కూడా ప్లానేనా?”

“ప్లానే సార్,” అన్నాడు తిరుపాల్, రెండు చేతుల మీదా భద్రంగా కూర్చుంటూ.