కాకుల గేటు దగ్గర చివరి మనిషి

పొద్దు వాలాక బీడు మీదున్న కాకుల గేటు దాటేటప్పుడు వరసలో చివర ఉండకూడదని హాలకూంబ్ ఊళ్లో అందరూ చెబుతారు. ఎందుకని అడిగితే మాత్రం ఒకరి మాట ఇంకొకరితో కలవదు. చివరివాడి భుజం మీద చెయ్యి పడుతుందని కొందరు. చివరివాడు ఇల్లు చేరడని కొందరు. పబ్బు నడిపే థర్జాని అడిగితే గ్లాసు తుడుస్తూ వాన గురించి మాట్లాడుతుంది... వినేవాడికి దాంతో ఉన్న ధైర్యం కాస్తా పోతుంది.

అలాంటి చోట చివర నడవడమే పనిగా పెట్టుకున్నవాడు విల్ఫ్ హన్నఫర్డ్.

గురువారం నడక బృందానికి ముందు నడిచేది లవ్‌డే నార్త్‌కాట్, రిటైరైన పంతులమ్మ. ఆవిడ అచ్చు వేయించిన చిన్న పుస్తకంలో ప్రతి దారి పక్కనా ‘సులువు’ అని రాసి ఉంటుంది. సముద్రం ఒడ్డున బురదలో మోకాళ్లదాకా దిగబడినా సులువే. ఏటి లోయలో ఆరు కంచెలెక్కి దిగినా సులువే. కొండమీది బీడులో గాలి టోపీని ఎత్తుకుపోయినా సులువే. ఆవిడ దృష్టిలో కష్టమైన దారంటే చివర్లో టీ దొరకనిది.

విల్ఫ్ పని వెనకబడ్డవాళ్లను కనిపెట్టుకోవడం, దాటిన ప్రతి గేటూ వేసి రావడం. గేటు తీసి వదిలేస్తే గొర్రెలు పోతాయి. పెళ్లాన్ని వదిలేసినవాణ్ణయినా క్షమిస్తారేమో గానీ, గేటు వదిలేసినవాణ్ణి అక్కడ క్షమించరు.

గేట్ల విషయంలో విల్ఫ్‌కి వంక పెట్టలేం. మనుషుల విషయంలోనే వచ్చింది చిక్కు. మొన్న వసంతంలో బియాట్రిస్ అనే ఆవిణ్ణి దారిలో పోగొట్టాడు. రెండు గంటలు వెతికి వెతికి, చివరికి టీ కొట్లో మూడో స్కోన్ రొట్టె మీద జామ్ రాసుకుంటుండగా పట్టుకున్నారు. ఆవిడ ఏమాత్రం సిగ్గుపడలేదు. సిగ్గంతా విల్ఫే పడ్డాడు.

“ఇంకొక్క మనిషి తప్పిపోయాడంటే చివరి చోటు గ్రాహమ్‌కి ఇచ్చేస్తాను విల్ఫ్,” అంది లవ్‌డే. గ్రాహమ్ దగ్గర ఉపగ్రహంతో మాట్లాడే పరికరం ఉంది, కొత్త బూట్లున్నాయి, అన్నిటికీ మించి ఉత్సాహం ఉంది.

విల్ఫ్‌కి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. భార్య ఈనిడ్ పోయి నాలుగేళ్లు. గురువారం తప్ప మిగతా ఆరు రోజులూ అతను ఇంట్లోంచి రాకపోయినా అడిగే మనిషి లేడు. గురువారం మాత్రం పదకొండు మంది అతనికోసం ఆగుతారు. కనీసం గేటు వేసేదాకా ఆగుతారు.

ఆ డిసెంబరు గురువారం లవ్‌డే ముందు, విల్ఫ్ వెనక, మధ్యలో పదిమంది. పొద్దున నది సముద్రంలో కలిసే చోట బయల్దేరి, లోయ వెంట పైకి ఎక్కి, మధ్యాహ్నానికి బీడు మీదికి చేరారు. మూడున్నరకి మంచు దిగింది. నాలుగింటికి చీకటి మొదలైంది.

“విల్ఫ్... నేనున్నానో లేదో చూసుకుంటున్నావా?” అని మంచులోంచి బియాట్రిస్ గొంతు.

“జేబులో స్కోన్ ఉన్నంతసేపూ నువ్వెక్కడికీ పోవులే,” అన్నాడు విల్ఫ్.

కాకుల గేటు వచ్చింది. నవ్వులు ఆగిపోయాయి. లవ్‌డే గొళ్లెం తీసి దాటింది. వెనక ఒక్కొక్కరే, కాస్త తొందరగా... విల్ఫ్ గొంతులోనే లెక్కపెట్టాడు. ఎనిమిది... తొమ్మిది... పది. సరిపోయింది. ఇక తను దాటి గొళ్లెం వేస్తే అయిపోతుంది.

“మీరు వెళ్లండి. గేటు నేను వేస్తాను.”

మాట అతని వెనక నుంచి వచ్చింది.

విల్ఫ్ గేటు మీద చెయ్యి వేసినవాడల్లా ఆగాడు. మెల్లగా తిరిగి చూశాడు. నాలుగడుగుల దూరంలో ఒక ముసలాయన. భుజాల మీద గోనెసంచి కప్పుకుని ఉన్నాడు. టోపీ అంచునుంచి నీళ్లు కారుతున్నాయి... వాన మాత్రం లేదు.

పరుగెత్తాలనిపించింది. కానీ ఆ ముసలాయన వణుకుతున్నాడు. వణుకుతున్న మనిషిని చూశాక విల్ఫ్ కాళ్లు భయం మాట వినడం మానేసి అలవాటు మాట విన్నాయి.

“మీరు ముందు దాటండి,” అన్నాడు. “చివర నేను నడవాలండీ. అది నా పని.”

“చివర నేనే నడుస్తానండీ,” అన్నాడు ముసలాయన గుసగుసగా. “మీరు పదండి.”

“అబ్బే, బాగుండదు. మీరే పదండి.”

“మీ తర్వాతే.”

ఆ ప్రాంతంలో ఇద్దరు మర్యాదస్తులు ఒక గుమ్మం దగ్గర ఎదురుపడితే ఆ రోజు అక్కడే తెల్లారుతుంది. అందులో ఒకాయన చచ్చినవాడైతే ఎంతసేపు పడుతుందో విల్ఫ్‌కి తెలియదు. ఆ ఆలోచన అప్పటికి అతనికి రానేలేదు. ఎవరో దారి తప్పిన పెద్దమనిషి, మొండివాడు, అంతే అనుకున్నాడు.

దూరంగా లవ్‌డే ఈల... అంతకంతకూ సన్నగా. ఇక్కడ ఒకడితో మర్యాదలు పోతుంటే అక్కడ పదిమంది మంచులో కలిసిపోతున్నారు.

“సరే... కానీ నా వెనకే రావాలి. ఆగిపోకూడదు,” అంటూ గేటు దాటాడు. చివరి మనిషిగా ఉన్న ఈ మూడేళ్లలో ఒకరికంటే ముందు గేటు దాటడం అతనికి అదే మొదటిసారి.

వెనక గొళ్లెం పడింది — ఠక్. తర్వాత అడుగుల చప్పుడు. తడి అడుగులు.

చీకట్లో దిగుతూ విల్ఫ్ వెనక్కి తిరగకుండానే మాట కలిపాడు. మాట్లాడుతుంటే మనిషి తప్పిపోడు.

“చలి ఎక్కువగా ఉందండీ.”

“అలవాటైపోయింది.”

“దూరం నుంచి వస్తున్నారా?”

“దూరమేం లేదండీ... ఆలస్యమైంది.”

“ఇంట్లో ఎదురుచూస్తుంటారు కాబోలు.”

“చూస్తారనే అనుకున్నాను,” అన్నాడాయన.

విల్ఫ్ అడుగు కాస్త నెమ్మది చేశాడు.

ఊరు వచ్చింది. పబ్బు కిటికీలో దీపం. అందరూ అప్పుడే లోపలికి వెళుతున్నారు. విల్ఫ్ తలుపు పట్టుకుని, “రండి,” అంటూ వెనక్కి తిరిగాడు.

వీధిలో ఎవరూ లేరు.

విల్ఫ్ లోపలికి వచ్చాక తలుపు దానంతటదే మూసుకుంది. లోపల చలిమంట ముందు లవ్‌డే వేలు ఊపుతూ లెక్కపెట్టింది. “నాతో కలిపి పన్నెండు. బాగుంది విల్ఫ్. వెనక ఎవరూ లేరుగా?”

లేరంటే చాలు. చివరి చోటు అతనిదే, వచ్చే గురువారం అతనిదే.

“ఒకాయన ఉన్నాడు,” అన్నాడు విల్ఫ్.

గ్రాహమ్ పకపకా నవ్వాడు. “పన్నెండుమందిలో పదమూడోవాణ్ణి పోగొట్టావా? ఇది నీకే సాధ్యం.”

“ముసలాయన. గోనెసంచి కప్పుకున్నాడు. గేటు తనే వేస్తానన్నాడు.”

బల్ల వెనక థర్జా చేతిలో గ్లాసు ఆగిపోయింది. ఈసారి ఆవిడ వాన గురించి మాట్లాడలేదు.

“ఏమస్ అని పేరు నాయనా,” అంది మెల్లగా. “మా ముత్తాత తండ్రి దగ్గర గొర్రెలు కాసేవాడు. ఒక సాయంత్రం అందరూ బీడు దిగొస్తుంటే గేటు వేశామో లేదోనని మావాళ్లకి అనుమానం వచ్చింది. ఆయన్ని వెనక్కి పంపారు. మంచు పట్టింది. మావాళ్లు ఇల్లు చేరి, తలుపేసుకుని, భోజనాలు చేశారు. వస్తాడులే అనుకున్నారు. ఎంతమంది తింటున్నారో ఎవరూ లెక్కపెట్టలేదు. తెల్లారి చూస్తే గేటు వేసే ఉంది... ఆయన పక్కన ఊబిలో ఉన్నాడు. ఈ మాట బయటికి చెప్పుకోవాలంటే మా ఇంట్లో అందరికీ సిగ్గు.”

థర్జా గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

“అయితే దెయ్యమే కదా,” అన్నాడు గ్రాహమ్, నవ్వడానికి చూస్తూ. “మన బృందం కాదు. లెక్కలోకి రాదు. నువ్వు బతికిపోయావు విల్ఫ్. కూర్చో.”

విల్ఫ్ కూర్చోలేదు. అతనికి భయం వేసింది. అయినా మిగతా ఆరు రోజులు ఎలా ఉంటాయో ఆ గదిలో అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

“నా వెనక వచ్చాడు. వాకిట్లో వదిలేసి నేను లోపల సూప్ తాగలేను,” అని వెళ్లి తలుపు బార్లా తీసి పట్టుకున్నాడు.

మంచు గదిలోకి వచ్చింది.

“తలుపు వెయ్యవయ్యా, ఉన్న వెచ్చదనమంతా పోతోంది,” అని ఎవరో గొణిగారు.

“వేస్తాను. ముందు ఆయన్ని రానీండి.” చీకట్లోకి తల వంచి గొంతు తగ్గించాడు. “గేటు దగ్గర మీ మాట నేను విన్నాను. ఇక్కడ మీరు నా మాట వినాలి. ముందు మీరు... తర్వాతే నేను.”

ఏమీ జరగలేదు. చాలాసేపు ఏమీ జరగలేదు.

ఆ తర్వాత గుమ్మం దగ్గర రాతి గచ్చు మీద ఒక తడి మచ్చ పడింది. దాని ముందు ఇంకొకటి. బూటు జాడలు... ఒకదాని తర్వాత ఒకటి, మొహమాటపడుతున్నట్టు, బల్లల మధ్య నుంచి చలిమంట వైపు. మంట ముందు పడుకున్న కుక్క లేచి, చోటిచ్చి, అవతల పడుకుంది.

లవ్‌డే వేలు ఆమెకు తెలియకుండానే లేచింది. “పదమూడు,” అంది.

విల్ఫ్ ఒకసారి వీధి అటూ ఇటూ చూశాడు. ఇంకెవరూ లేరని తేల్చుకుని, అందరికన్నా చివర లోపలికి వచ్చి, తలుపు వేశాడు.